విమానం దిగకముందే కస్టమ్స్ పని ముగియాలి: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రి గారికి,
ప్రతులు: కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారు, ఛైర్మన్, సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు)

నమస్కారం.

దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో ఎనిమిది మంది పట్టే చిన్న జెట్ ఒకటి శంషాబాద్‌కు వస్తుంది. లోపల ఉన్నది ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు. ఆ ఎనిమిది పేర్లే ఇమ్మిగ్రేషన్‌కు ఒక తీరున, కస్టమ్స్‌కు ఇంకో తీరున, ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆఫీసుకు మరో తీరున వెళ్తాయి. దిగాక పైలట్ చేతిలోని జనరల్ డిక్లరేషన్‌లో (విమానం, అందులోని మనుషుల వివరాల పత్రం) మళ్లీ కనిపిస్తాయి. నాలుగు చోట్లా ఒకే సమాచారం. నాలుగుసార్లు టైపు చేసినప్పుడు ఎక్కడో ఒకచోట అక్షరం జారుతుంది. అర్ధరాత్రి ర్యాంపు (విమానాలు ఆగే చోటు) మీద ఆలస్యాలు చాలావరకు అక్కడే పుడతాయి. వీటన్నిటికీ కలిపి ముందస్తుగా నింపే ఒకే ఆన్‌లైన్ ఫారం కావాలని కోరడానికే ఈ లేఖ.

కస్టమ్స్ చట్టం, 1962లోని 30వ సెక్షన్ ప్రకారం మానిఫెస్టు (విమానంలో ఏమేం వస్తున్నాయో తెలిపే జాబితా) విమానం రాకముందే అందాలి. సరైన కారణం లేకుండా ఆలస్యమైతే 50,000 రూపాయల వరకు జరిమానా ఉంది. ప్రయాణికుల సమాచారం ముందే పంపాలని 30ఏ సెక్షన్ కూడా చెబుతోంది. మరి చట్టం ఇంత ముందుచూపుతో ఉంటే, పని దిగాక ఎందుకు మొదలవుతోంది? పెద్ద ఎయిర్‌లైన్లకు కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు సమాచారం వెళ్లే ఏర్పాటు ఉంది. ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చే ప్రైవేటు విమానానికి హ్యాండ్లింగ్ ఏజెంట్ (విమానాశ్రయంలో దాని పనులు చూసిపెట్టేవాడు), అతని ఈమెయిలు, అతని ఫోనే దిక్కు.

మొదట తెలుగు పేర్ల సంగతి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో రెండు గడులున్నా, చాలామందికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. కొందరికి ఇంటిపేరు పొడి అక్షరంగానే మిగిలింది. విమానం ఆపరేటర్ విదేశీయుడైతే చివరి మాటను ఇంటిపేరు అనుకుని జాబితా తయారు చేస్తాడు. పాస్‌పోర్టు స్కాన్ చేయగానే పేరు తేడా వస్తుంది. జాబితాను పాస్‌పోర్టు అడుగున ఉండే రెండు వరుసల యంత్రలిపిని చూసి నింపితే ఈ బాధ ఉండదు. ఫారం మీదే ఆ మాట ఒక్క వాక్యంగా అచ్చు వేస్తే చాలు.

రెండోది గడియారం. ఫ్లైట్ ప్లాన్ నడిచేది యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో, అధికారుల డ్యూటీ చార్టు మన కాలమానంలో. తేడా అయిదున్నర గంటలు. 14వ తేదీ 20:30 యూటీసీ అంటే మనకు 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటలు. నోటీసులో 14 అని పడిందా, ఆ రాత్రి అధికారి వచ్చి ఎదురుచూసి వెళ్లిపోతారు, మర్నాడు విమానం వచ్చేసరికి ఎవరూ ఉండరు. ఫారంలో రెండు సమయాలూ పక్కపక్కనే రాయడం తప్పనిసరి చేయండి.

ఇక అసలు చిక్కు, దిగిన తర్వాత దేశంలోనే ఇంకో ఊరికి వెళ్లడం. దుబాయ్ నుంచి శంషాబాద్, అక్కడి నుంచి శ్రీవారి దర్శనానికి తిరుపతి: ఇది అరుదైన ప్రయాణమేమీ కాదు. విదేశీ ప్రయాణంలో ఉన్న విమానంలోని మద్యం, సిగరెట్ల వంటి స్టోర్స్‌ను సుంకం లేకుండా లోపలే వాడుకోవచ్చని 87వ సెక్షన్ అంటుంది. మధ్యలో దేశంలోని మరో విమానాశ్రయాన్ని తాకినా తాకకపోయినా అది విదేశీ ప్రయాణంలోని విమానమేనని నిర్వచనం చెబుతోంది. కానీ ప్రయాణికులు శంషాబాద్‌లోనే కస్టమ్స్ పూర్తి చేసుకుని, తిరుపతికి దేశీయ ప్రయాణికుల్లా వెళ్తే? అప్పుడది దేశీయ ప్రయాణంగా మారిందా, లేక విదేశీ ప్రయాణంలో ఒక మజిలీయా? మారిందంటే విమానంలోని మద్యం అరకు సీలు వేయాలి, ట్యాంకుల్లో మిగిలిన ఇంధనానికి సుంకం లెక్క కట్టాలి. రెండు వాదనలకూ చట్టంలో చోటుంది కాబట్టి నిర్ణయం ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారు చట్టాన్ని ఎలా అర్థం చేసుకున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. వారిని తప్పుపట్టి లాభం లేదు. ఏ సందర్భంలో ఏది వర్తిస్తుందో ఉదాహరణలతో ఒక సర్క్యులర్ ఇవ్వాల్సింది మీ శాఖ.

ఇంధనం లెక్కలోనూ చిన్న మెలిక ఉంది. అమెరికాలో తయారైన జెట్‌లలో ఇంధనం గేజ్ పౌండ్లలో చూపిస్తుంది, పత్రాల్లో లీటర్లు కావాలి. గేజ్ మీద 2,000 పౌండ్లుంటే 907 కిలోలు. సాంద్రత లీటరుకు 0.80 కిలోలు అనుకుంటే దాదాపు 1,134 లీటర్లు, 0.78 అనుకుంటే 1,163. సాంద్రత ఎంత తీసుకున్నారో పైలట్ రాయకపోతే 29 లీటర్ల తేడా మీద అరగంట చర్చ నడుస్తుంది. చివరిసారి ఇంధనం నింపిన రసీదులో సాంద్రత ఉంటే దాన్నే తీసుకోవాలని, లేకపోతే ఒక స్థిరమైన అంకె వాడాలని రాసిపెడితే ఆ చర్చకు తావుండదు.

సామాను గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బంగారం, మద్యం, విదేశీ కరెన్సీ నియమాలు ప్రైవేటు విమానంలో వచ్చినవారికీ అందరితో సమానమే, అలాగే ఉండాలి కూడా. నోట్లు 5,000 డాలర్ల విలువ దాటినా, నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ కలిపి 10,000 దాటినా డిక్లరేషన్ ఇవ్వాల్సిందే. చాలామంది మరిచేది శాటిలైట్ ఫోన్. సముద్రం మీద ఎగిరే చిన్న విమానాల్లో ప్రాణరక్షణ సంచిలో అదొకటి పెడతారు. అనుమతి లేకుండా మన దేశంలోకి తేకూడదు. పైలట్‌కు అది అత్యవసర పరికరం, మన చట్టానికి నిషిద్ధ వస్తువు. ముందస్తు ఫారంలో దానికొక గడి ఉంటే దిగేలోపే ఏం చేయాలో తేలిపోతుంది.

ఇదంతా డబ్బున్నోళ్ల గోల అని కొట్టిపారేయవచ్చు. గల్ఫ్‌లో పక్షవాతం వచ్చిన మనిషిని స్ట్రెచర్ మీద హైదరాబాద్ ఆసుపత్రికి తెచ్చే ఎయిర్ అంబులెన్సు కూడా ఇదే దారిలో, ఇవే కాగితాలతో వస్తుంది. అందులో మార్ఫిన్, ఫెంటానిల్ వంటి నియంత్రిత మందులుంటాయి. మందు పేరు, మోతాదు, ఎన్ని ఆంప్యూళ్లు (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసాలు) అన్న జాబితా వైద్యుడి సంతకంతో ముందే రావాలి. రోగిని దింపడం, మందులు లెక్కపెట్టడం ఒకదాని కోసం ఒకటి ఆగకూడదు.

దారి మళ్లిన విమానం విషయం మరీ ముఖ్యం. 29వ సెక్షన్ ప్రకారం విదేశం నుంచి వచ్చే విమానం మొదట కస్టమ్స్ విమానాశ్రయంలోనే దిగాలి. వాతావరణం, ప్రమాదం లాంటి తప్పనిసరి పరిస్థితిలో వేరేచోట దిగితే, పైలట్ వెంటనే దగ్గరలోని కస్టమ్స్ అధికారికి గానీ పోలీస్ స్టేషన్ అధికారికి గానీ తెలియజేయాలి. అడిగితే లాగ్‌బుక్ చూపించాలి. వారి సమ్మతి లేకుండా సరుకు దించకూడదు, ఎవరూ విమానం చుట్టుపక్కల నుంచి కదలకూడదు. ఆరోగ్యం, భద్రత, ప్రాణ రక్షణ కోసమైతే మినహాయింపు ఉంది. నియమం చక్కగా ఉంది. కానీ నైరుతి వానల్లో ఓ చిన్న విమానాశ్రయంలో ఇలా దిగిన విమానం దగ్గరికి వచ్చే ఎస్సైకి తన సమ్మతి అవసరమన్న సంగతే తెలియకపోతే, ఎవరికి ఫోన్ చేయాలి? ప్రయాణికుల్ని ఎండలోనో వానలోనో విమానంలోనే కూర్చోబెట్టడం ఒక తప్పు, అందరినీ కార్లెక్కించి పంపేయడం ఇంకో తప్పు. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి విమానాశ్రయం, ఎయిర్‌స్ట్రిప్ పరిధిలోని పోలీస్ స్టేషన్‌కూ తెలుగులో ఒక పేజీ సూచనలు, దాని మీద 24 గంటలూ పలికే కస్టమ్స్ ఫోన్ నంబరు ఇప్పించండి.

పుట్టపర్తి లాంటి చోటికి భక్తులతో వచ్చే విదేశీ విమానాలకు కూడా ఈ సెక్షనే అడ్డు. కస్టమ్స్ నోటిఫికేషన్ లేనిచోట రన్‌వే ఉన్నంత మాత్రాన సరిపోదు, ముందు వేరేచోట దిగి రావాల్సిందే. పెద్ద ఉత్సవాల రోజులకు తాత్కాలిక ఏర్పాటు కావాలంటే ఎవరికి, ఎన్ని రోజుల ముందు దరఖాస్తు చేయాలో, అధికారుల ఖర్చు ఎవరు భరించాలో ఒకచోట రాసిపెట్టాలి.

అమెరికాలో స్థిరపడి సొంతంగా చిన్న విమానాలు నడిపే తెలుగువాళ్లకు అక్కడి పద్ధతి తెలుసు. విదేశంలో బయలుదేరడానికి కనీసం 60 నిమిషాల ముందు ఈఏపిస్ అనే వెబ్‌సైటులో పైలటే స్వయంగా విమానం, సిబ్బంది, ప్రయాణికుల వివరాలు పంపుతాడు. దిగే చోటి కస్టమ్స్ ఆఫీసు అనుమతి విడిగా తీసుకుంటాడు. తప్పితే మొదటిసారి 5,000 డాలర్లు, ఆ తర్వాత ప్రతిసారీ 10,000 డాలర్ల వరకు జరిమానా. మెతకదనమేమీ లేదు. అయితే ఏం చేయాలో మొదటి నుంచి చివరి వరకు ప్రైవేటు పైలట్ల కోసమే రాసిన గైడ్ ఉంది. మనకు కావాల్సింది ఆ స్పష్టత.

కాబట్టి కోరేది ఇది. ప్రైవేటు, అంబులెన్సు విమానాలకు ఒకే ఆన్‌లైన్ ఫారం పెట్టండి. ఒకసారి నింపితే కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, హెల్త్ మూడూ దాన్నే చూడాలి. పంపగానే ఒక రిఫరెన్స్ నంబరు, ఏదైనా తేడా ఉంటే విమానం గాల్లో ఉండగానే ఆపరేటర్‌కు సందేశం రావాలి. మొదట శంషాబాద్‌లో ఆరు నెలలు నడిపి చూడండి. దిగిన సమయం, చివరి ప్రయాణికుడు బయటికొచ్చిన సమయం, ఆగితే దేనివల్ల ఆగింది అన్న మూడు గడుల రిజిస్టరు పెట్టి, దాన్ని నెలనెలా బయటపెట్టండి.

ఇట్లు,
విమాన నిర్వహణ, గ్రౌండ్ హ్యాండ్లింగ్ పనుల్లో ఉన్న కొందరం,
హైదరాబాద్