రివెట్ గన్ నుంచి రాజ్యాంగ సభకు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా నల్లజాతి మహిళా నేతలంటే మన పత్రికల్లో ఎక్కువగా లాయర్లు, సెనేటర్ల కథలే వస్తాయి. లిలియన్ హ్యాచర్ గురించి కూడా రాయండి.

1943లో ఆమె డెట్రాయిట్‌లోని బ్రిగ్స్ ఫ్యాక్టరీలో విమానాల పనిలో రివెటర్‌గా, అంటే లోహపు రేకులను రివెట్లనే మేకుల్లాంటి బిళ్లలతో బిగించే కార్మికురాలిగా చేరారు. ఒకరు గన్‌తో రివెట్ కొడుతుంటే, రేకు అవతల మరొకరు ఉక్కు దిమ్మెను కదలకుండా అదిమిపట్టాలి. చెయ్యి కాస్త జారినా రేకు పాడైపోతుంది. అదే ఏడాది అదే ఊళ్లో, ప్యాకర్డ్ ఫ్యాక్టరీలో నల్లవాళ్లకు ప్రమోషన్ ఇచ్చారని వేలమంది తెల్ల కార్మికులు పని ఆపేశారు! అలాంటి చోట, 1944లో ఆటో కార్మికుల యూనియన్ అంతర్జాతీయ సిబ్బందిలోకి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ ఆమె.

1961లో, డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాసే రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. 144 మందిలో ఆడవాళ్లు 11 మందే. ఆ సభ రాసిన రాజ్యాంగంలోనే పౌరహక్కుల కమిషన్‌కు చోటు దక్కింది. సభలో ఆమె తోటి సభ్యురాలు డెయిజీ ఇలియట్ తర్వాత శాసనసభకు వెళ్లి, 1976లో వివక్షను నిషేధించే చట్టం తేవడంలో ముందు నిలిచారు. ఇవాళ అక్కడ ఉద్యోగం, అద్దె ఇల్లు వెతుక్కునే మన తెలుగు పిల్లలకూ ఆ చట్టమే అండ.

చేతి పని నుంచి చట్టసభల దాకా వెళ్లిన ఇలాంటి మహిళలపై మీ ఆదివారం అనుబంధంలో వరుసగా వ్యాసాలు వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ