తిరుపతి కర్రవిల్లుల తయారీ మిత్రుల వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సభ్య మిత్రులందరికీ నమస్కారం. నియమావళి ప్రకారం గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు జరిగిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు చెప్పనక్కరలేదు. నేరుగా విషయానికి వస్తాను.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసినది సంక్రాంతి సెలవుల్లో చంద్రగిరి దగ్గర జరిపిన విల్లు తయారీ శిబిరం. మన సభ్యులొకరు తమ మామిడితోపు ఇచ్చారు. పక్క ఊరి ప్రభుత్వ పాఠశాల పిల్లలు వచ్చారు. పచ్చి వెదురుతో మొదలుపెడితే ఎండేలోగా సెలవులు అయిపోతాయి కాబట్టి, ఏడాదిగా నీడలో ఆరబెట్టిన బొంగులనే వాడాము. పిల్లలకు చీల్చడం నేర్పడానికి మన మేదర పెద్దాయన వచ్చారు. ఆయన రాక వల్లనే శిబిరానికి ఆ నిండుదనం వచ్చిందని నా నమ్మకం.

ముందుగా పిల్లలను తోపు గట్టు మీది వెదురు పొద దగ్గరకు తీసుకువెళ్లారు. బొంగు మీద తెల్లటి పొడి ఇంకా ఉంటే అది లేతదని, ఆ పొడి పోయి మచ్చలు పట్టినది ముదురుదని చూపించారు. విల్లుకు కనీసం మూడేళ్లు నిండిన బొంగు కావాలి. తర్వాత మచ్చుకత్తి పట్టుకుని కూర్చున్నారు. చీలిక నిటారుగా పోకుండా ఒక పక్కకు జరిగిపోతుంటే మనలో చాలామంది కత్తితో బలవంతం చేస్తాము, బద్ద పాడవుతుంది. ఆయన కత్తిని కదపనే లేదు. మందంగా ఉన్న సగాన్ని కాస్త ఎక్కువగా వంచారు, చీలిక మళ్లీ నడిమికి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మన పాత సభ్యులు కూడా ఆ రోజు కొత్తగా నేర్చుకున్నారని నిస్సంకోచంగా రాస్తున్నాను.

బద్ద చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. వెదురు పైచర్మం దగ్గర పీచు దట్టంగా ఉంటుంది, సాగుదలను తట్టుకుంటుంది. అందుకే ఆ నున్నని వైపు విలుకాడికి అవతలగా ఉండాలి. దాన్ని ఉలితో గానీ ఆకురాయితో గానీ ముట్టుకోకూడదు. చెక్కేదంతా లోపలి వైపునే. ముందు ఒక కొప్పును, అంటే విల్లు కొనను, నేలకు ఆనించి వంచి చూస్తాము. తర్వాత పొడుగు తాడు కట్టి, వంపు సరిచూసుకునే వంపు బల్ల మీద ఎక్కిస్తాము. పిడికి అటూ ఇటూ వంగే రెండు కొమ్ములూ ఒకేలా వంగుతున్నాయా, ఎక్కడైనా బిగిసిపోయి ఉందా, ఎక్కడైనా మడత పడుతోందా అని దూరంగా నిలబడి చూడాలి. బిగిసిన చోట పెన్సిలుతో గీత పెట్టి, అక్కడ మాత్రమే రెండు మూడు పొరలు గీకి, కొమ్ములు కొత్త వంపుకు అలవాటు పడేలా కొంచెం కొంచెంగా లాగి వదలి, మళ్లీ చూడాలి. బద్ద బిగువు మందానికి ఘనంగా మారుతుంది. అంటే మందం పదో వంతు తగ్గితే బలం నాలుగో వంతుకు పైగా పోతుంది. గీకినదాన్ని తిరిగి అతికించలేము కాబట్టి ఇక్కడ తొందరపడేవారికి విల్లు దక్కదు.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఈ మాటను అందరికంటే బాగా పట్టుకుంది. మిగతావారు సాయంత్రానికల్లా నారి కట్టి బాణాలు వేస్తుంటే, ఆ పిల్ల మరునాడు మధ్యాహ్నం దాకా గాజు పెంకుతో గీకుతూ, లేచి చూస్తూ, మళ్లీ కూర్చుంది. పిడి దగ్గర నుంచి కొప్పుల దాకా ఎక్కడా విరుపు లేని వంపు వచ్చింది. మేదర పెద్దాయన ఆ విల్లును అటూ ఇటూ తిప్పి చూసి, మాట్లాడకుండా తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ విల్లు ఇప్పుడు పాఠశాల గోడ మీద ఉంది. పిల్లలు చేసిన వాటిలో ఒకటి విరిగింది. విరిగిన ముక్కను అందరికీ చూపించి, కణుపు దగ్గర ఎక్కువ గీకడం వల్ల ఎలా పోయిందో వివరించాము. పిల్లలకు ఆ ముక్క నేర్పినంత నా ప్రసంగం నేర్పలేదు.

నారి విషయంలో మన మహిళా సభ్యుల కృషిని ప్రత్యేకంగా నమోదు చేస్తున్నాను. ఇంతకాలం మనం బజారులో దొరికే పాలిస్టరు దారమే వాడుతున్నాము. ఈ ఏడాది ఒక సభ్యురాలు తమ పెరట్లో పెంచిన చాగ అనే నార మొక్క మట్టలను కోసి, నానబెట్టి, గీకి, నార తీశారు. దాన్ని జనుము నారతో పోల్చి చూశారు. రెండింటినీ తేనెమైనం పట్టించి పేనారు. పిల్లల చిన్న విల్లులకు చాగ నారి చక్కగా నిలిచింది. పెద్దల విల్లులకు ఇంకా పరీక్షించాలి. పూర్వం వింటినారికి వాడిన నార మన పెరట్లోనే ఉందన్న ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు. బాణాల ఈకలకు కోడి, సీమకోడి ఈకలే వాడుతున్నాము. నెమలి ఈక మన షెడ్డులోకి రాకూడదన్న తీర్మానం అలాగే అమల్లో ఉంది.

నవంబరు చివర ఫెంగల్ తుపాను వానలకు షెడ్డులో తేమ చేరి, ఆరబెట్టిన బద్దలకు బూజు పట్టింది. తడిసిన విల్లు బలం కోల్పోయి, నారి విప్పినా వంగిన వంపులోనే ఉండిపోతుంది. మే నెల ఎండలకు మితిమీరి ఆరితే పెళుసై విరుగుతుంది. కాబట్టి బద్దలను ఎప్పటికప్పుడు తిప్పి, తుడిచి, పుచ్చు పురుగు పట్టకుండా చూసుకోవాలి. ఈ పనికి వారానికి ఇద్దరు చొప్పున పేర్లు రాసి పట్టిక తగిలించాము. ఆ పట్టికలో ఉన్నవారిలో ఎక్కువ మంది రాలేదు. బాణాలు వేసే ఆదివారం తోపు నిండిపోతుంది, బద్దలు తుడిచే బుధవారం తాళం తీసే మనిషి ఒక్కరే. ఈ మాట నొప్పిస్తుందని తెలిసీ రాస్తున్నాను. వానలో తడుస్తూ వచ్చి బద్దలన్నిటినీ వరండాలోకి మోసిన ఇద్దరు కళాశాల విద్యార్థులకు ఈ సభ చప్పట్లతో కృతజ్ఞత తెలపాలని నా కోరిక.

కర్ర సేకరణ గురించి కూడా చెప్పాలి. శేషాచలం కొండల నుంచి ఒక్క పుల్ల కూడా తేకూడదన్నది మన మొదటి నియమం. ఆ కొండలు 2010 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం. తడ కర్ర విల్లుకు మంచిదని పెద్దలు చెప్పినా, అది అడవి చెట్టు గనుక మనం దాని జోలికి పోము. ఎర్రచందనంతో విల్లు చేయరా అని ప్రతి ప్రదర్శనలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ప్రపంచంలో మన తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా పెరగని చెట్టు అది. దాన్ని కాపాడుకోవలసినవాళ్లం మనమే అని జవాబు చెబుతున్నాము. అడవికి బయట పట్టా భూమిలో పెంచిన వెదురు 2017 నవంబరులో తెచ్చిన సవరణ తర్వాత కేంద్ర అటవీ చట్టం దృష్టిలో చెట్టు కాదు. అయినా రైతు ఇచ్చిన వెదురును ఆటోలో తెస్తుంటే ఒక తనిఖీ కేంద్రంలో మధ్యాహ్నమంతా ఆపేశారు. ఎర్రచందనం దొంగరవాణా జరిగే ప్రాంతంలో తనిఖీ ఉండాల్సిందే, దాన్ని తప్పుపట్టను. కానీ రైతు సంతకం, భూమి కాగితాలు చూపించాక కూడా నిలబెట్టడం బాధ కలిగించింది. ఇకపై ప్రతి రవాణాకూ ఆ సవరణ నకలు వెంట ఉంచుతాము.

మైదానం కోసం పెట్టిన దరఖాస్తు ఈ ఏడాది కూడా బల్ల నుంచి బల్లకు తిరుగుతూనే ఉంది. ఒక అధికారి వెళ్లాక మరొకరు వచ్చి మళ్లీ మొదటి నుంచి అడుగుతున్నారు. విల్లు ఆయుధమా, ఆట వస్తువా అని తేల్చలేకపోతున్నారట. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్జౌ ఆసియా క్రీడల విలువిద్యలో 3 స్వర్ణాలు తెచ్చిన రాష్ట్రంలో ఈ ప్రశ్న రావడం విచారకరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వేట నేరమనీ, మన సభ్యత్వ పత్రంలోనే వేటకు వాడబోమని సంతకం చేయిస్తామనీ రాతపూర్వకంగా ఇచ్చాము. అనుమతి వచ్చే వరకు తోపులోనే, వరిగడ్డి మోపుల మీద, వెనక మట్టికట్ట ఉన్న చోటే సాధన సాగుతుంది. బాణం లేకుండా నారి లాగి వదలవద్దని మరోసారి గుర్తుచేస్తున్నాను. ఆ బలమంతా కొమ్ముల్లోకే తిరిగి వచ్చి విల్లు పగులుతుంది.

ఫిబ్రవరిలో శ్రీకాళహస్తి యాత్ర జరిగింది. కన్నప్ప కొండ ఎక్కి, బోయ తిన్నని కథను పిల్లలకు మన పెద్ద సభ్యులే చెప్పారు. తిరుగు ప్రయాణంలో మాధవమాల కొయ్యశిల్పుల దగ్గర ఆగి, వాళ్లు ఉలులకు పదును పెట్టే తీరు చూశాము. దాని ఫలితం మన షెడ్డులోని ఉలుల మీద అప్పుడే కనిపిస్తోంది. తాటి చేవ మీద వెదురు బద్ద అతికించి ఒక సభ్యుడు చేసిన విల్లు కూడా ఈ ఏడాదే పూర్తయింది. దాన్ని సమావేశం తర్వాత అందరూ చూడవచ్చు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా చదువుతారు. చందాలు, శిబిరం విరాళాలు ఖర్చులకు సరిపోయాయి, అప్పు లేదు. బకాయి ఉన్నవారు ఈ రోజే చెల్లించాలి.

తోపు యజమానికి, మేదర పెద్దాయనకు, ఆయనను వెంటబెట్టుకుని వచ్చిన మనవడికి, వెదురు ఇచ్చిన రైతు కుటుంబానికి, పాఠశాల ఉపాధ్యాయులకు, రెండు పూటలా పులిహోర, పెరుగన్నం పంపిన మహిళా సంఘానికి, బ్యానరు ఉచితంగా వేసి ఇచ్చిన ప్రింటింగ్ ప్రెస్సు వారికి, వంపు బల్ల బిగించిన వడ్రంగి మిత్రుడికి, నా ఉత్తరాలన్నీ ఓపికగా దిద్దిన అధ్యక్షుల వారికి పేరుపేరునా ధన్యవాదాలు.

వచ్చే శీతకాలం కోతకు ముదురు బొంగులను ఇప్పుడే గుర్తుపెట్టాలి. షెడ్డుకు పడమటి గోడ, రేకుల కప్పు మరమ్మతు వానలకు ముందే జరగాలి. బుధవారం పనికి కొత్త పట్టిక ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. నిజంగా రాగలిగినవారే పేరు రాయాలని కోరుతున్నాను. శిబిరం మళ్లీ జరపాలని పాఠశాల వారు ఇప్పటికే అడిగారు. దానికి సభ్యుల ఆమోదం కావాలి.

కార్యదర్శి