మూసీ నాచుపై పరిశోధన నల్లగొండలోనే జరగాలి

సంపాదకుడు గారికి,

ఎండాకాలంలో కేతేపల్లి దగ్గర మూసీ ప్రాజెక్టు కట్ట మీద నిలబడితే గుర్రపుడెక్క సందుల్లో నీళ్లు చిక్కటి పచ్చగా కనిపిస్తాయి. హైదరాబాద్ మురుగులో వచ్చే నత్రజని, భాస్వరం తిని పెరిగిన నాచు అది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ని. ఆ పచ్చదనం చూసినప్పుడల్లా నాకు క్లామిడోమోనాస్ పాఠమే గుర్తుకొస్తుంది. కంటికి ఆనని ఆ ఏకకణ నాచు ఎండ సాయంతో నీటిని విడగొట్టి, ఇంధనంగా వాడుకోగల హైడ్రోజన్ ఇవ్వగలదు.

నాచుకు ఈ గుణం ఉందని శాస్త్రవేత్త హాన్స్ గాఫ్రాన్ 1940ల మొదట్లోనే చూపించాడు. చిక్కంతా ఎంజైముతోనే. హైడ్రోజన్‌ను తయారుచేసే హైడ్రోజినేజ్‌కు ఆక్సిజన్ తగిలితే పని ఆగిపోతుంది. నాచేమో ఎండ పడితే ఆక్సిజన్ వదలకుండా ఉండదు. 2000లో కాలిఫోర్నియాకు చెందిన శాస్త్రవేత్త మెలిస్ బృందం నాచుకు గంధకం అందకుండా చేసింది. ఆక్సిజన్ తగ్గింది, కొన్ని రోజులపాటు హైడ్రోజన్ వచ్చింది. దిగుబడి ఇప్పటికీ తక్కువే. రేపే దీనితో బస్సులు నడుస్తాయని నేను అనడం లేదు.

అందుకే పరిశోధన కావాలంటున్నాను. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ రూ.19,744 కోట్లలో పరిశోధనకు దక్కింది 400 కోట్లే. సింహభాగం ఎలక్ట్రోలైజర్ల (కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రాల) తయారీకి, వాటితో చేసే ఉత్పత్తికి ప్రోత్సాహకాలు. ఆ పద్ధతిలో కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల శుద్ధజలం కావాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన పల్లెలు మావి. మంచినీళ్ల విలువ మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నాచు మురుగునీటిలోనూ పెరుగుతుంది.

హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలు వ్యర్థజలాల నుంచి బయోహైడ్రోజన్ (సూక్ష్మజీవుల సాయంతో వచ్చే హైడ్రోజన్) తీయడంపై చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. వారి సాయంతో నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో మూసీ నీటితో నాలుగు నాచు తొట్లు పెట్టించండి. పెరిగిన నాచును వడగట్టి గంధకం లేని నీటిలోకి మార్చి చూడవచ్చు. లేదా చీకటి ట్యాంకుల్లో బ్యాక్టీరియాతో పులియబెట్టవచ్చు. మూసీలో పరిశ్రమల రసాయనాలూ ఉన్నాయి కాబట్టి వాటిని తట్టుకునే రకం ఏదో ఆ నీటిలోనే వెతకాలి. మా పిల్లలకు అంతకంటే మంచి ప్రాజెక్టు పని ఏముంటుంది?

దామరచర్లలో 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి చోటిచ్చిన జిల్లా ఇది. నాలుగు తొట్లకు చోటు దొరకదా? విశ్వవిద్యాలయ అధికారులు, జిల్లా ప్రజాప్రతినిధులు కలిసి వచ్చే ఎండాకాలంలోపే ప్రతిపాదన పంపాలని కోరుతున్నాను.

– విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, నకిరేకల్, నల్లగొండ జిల్లా