ఒంటిగంట కంపం

మధురవాడ, విశాఖపట్నం
24 నవంబరు 2025

ప్రియమైన భాస్కరానికి,

నీ ఉత్తరం దసరాకే అందింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు మన్నించు. అమ్మ కంటి ఆపరేషను బాగా జరిగింది, పిల్లవాడు పరీక్షల్లో మునిగి ఉన్నాడు, మొంథా తుపానుకు వేపచెట్టు కొమ్మ ఒకటి విరగడం తప్ప మాకు నష్టమేమీ లేదు. మిగిలిన కబుర్లు మరోసారి. నీకు చెప్పేదాకా నా మనసు నిలవని సంగతి ఒకటి ఉంది, ముందు అది విను.

నవంబరు 4న తెల్లవారుజామున నాలుగూ ఇరవై ప్రాంతంలో మంచం కదిలింది. వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు, వీధి కుక్కల అరుపు, ఆ వెంటనే మెట్ల మీద పరుగులు. మేము కిందికి దిగేసరికి అంతా ముగిసిపోయింది. మన్యంలో జి.మాడుగుల దగ్గర 3.7 తీవ్రతతో భూకంపం వచ్చిందని తెల్లవారాక ప్రకటించారు. అంతటితో ఆగిపోయి ఉంటే నీకు రెండు వాక్యాల్లో రాసేవాడిని.

కానీ ఆ మరునాటి నుంచి మా అపార్టుమెంటులో దాదాపు ప్రతిరోజూ కిటికీ అద్దాలు అదరడం మొదలైంది. అవి అనంతర ప్రకంపనలేనని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. రెండో అంతస్తులోని రమణి గారి భర్త ఓడ మీద ఉంటారు. ఆమె ఇద్దరు పిల్లలను తీసుకుని, చాప పరుచుకుని, తొమ్మిది రాత్రులు కింద కారు షెడ్డులో పడుకున్నారు. చలిలో ఆ చిన్నపిల్ల దగ్గుతుంటే పై అంతస్తులో నాకు నిద్ర పట్టేది కాదు. ఆ పైన వాట్సాపులో సందేశాలు. కొండలు తవ్వడం వల్లనే వచ్చిందని ఒకరు, సముద్రం అడుగున ఏదో ప్రయోగం చేశారని మరొకరు, అలాస్కాలోని హార్ప్ అనే కేంద్రం నుంచి తరంగాలు పంపి భూమిని కదిలిస్తున్నారని ఇంకొకరు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో 7.8 తీవ్రత భూకంపం వచ్చిన తొమ్మిది గంటలకు 7.5 తీవ్రతతో రెండోది రావడమే దానికి సాక్ష్యమని, అంత పెద్దవి వెంటవెంటనే సహజంగా రావని ఆ సందేశంలో ఉంది. చదివి నాకు కోపం వచ్చింది. హార్ప్‌లో చేసేది మన తలకు ఎన్నో పదుల కిలోమీటర్ల పైన ఉండే అయనోస్ఫియరు అనే వాతావరణ పొర మీద రేడియో పరిశోధన. తుర్కియేలో జరిగినది వేరు. పల్లకీ మోసే బోయీల్లో ఒకడు భుజం తప్పిస్తే ఆ బరువు పక్కవాడి మీద పడినట్లు, భూమి లోపలి ఒక పగులు జారితే పక్క పగులు మీద ఒత్తిడి పెరుగుతుంది. అప్పటికే తెగడానికి సిద్ధంగా ఉన్నది తెగిపోతుంది. ఇదంతా వివరంగా రాసి గ్రూపులో పెట్టాను. మనిషి చేతుల వల్ల భూకంపాలు రావని చివర గట్టిగా తీర్పు కూడా చెప్పాను.

ఆ సాయంత్రమే నాలుగో అంతస్తు మాస్టారు తలుపు తట్టారు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కుర్చీలో కూర్చుని, "బాబూ, మీరు రాసినదంతా బాగుంది, ఆఖరి మాట మాత్రం తప్పు. నేను కొయినా కుర్రవాణ్ణి" అన్నారు.

భాస్కరం, ఆ రాత్రి ఆయన చెప్పినది విన్నాక నా తల తిరిగిపోయింది. 1967లో ఆయనకు ఏడేళ్ళు. తండ్రి పోఫళీ పవర్‌హౌస్‌లో ఉద్యోగి. మహారాష్ట్రలోని కొయినా ఆనకట్ట ఎత్తు 103 మీటర్లు. 1962లో నీరు నిలపడం మొదలయ్యాక, అంతవరకు నిశ్చలమని పేరున్న ఆ నేలలో చిన్న చిన్న కదలికలు వచ్చాయి. ప్రతిదానికీ ముందు దూరపు ఉరుములాంటి చప్పుడు వినిపించేదట. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున, అదీ నాలుగూ ఇరవై ప్రాంతంలోనే, 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు రెండు వందల మంది చనిపోయారు, ఆనకట్టకే పగుళ్ళు పడ్డాయి. అటక మీది ఇత్తడి బిందెలు దొర్లి పడుతుంటే తండ్రి చీకట్లో పిల్లల తలలు తడిమి లెక్కపెట్టడం మాస్టారికి ఇప్పటికీ గుర్తుంది. ఆ తరువాత వారాల తరబడి బయట టార్పాలిను కింద పడుకున్నారట. అది చెబుతూ ఆయన కారు షెడ్డు వైపు చూశారు.

అక్కడ కదలికలు ఈనాటికీ ఆగలేదు. వానాకాలంలో జలాశయం నిండాక అవి పెరగడం దశాబ్దాలుగా నమోదైంది. నువ్వు రోజూ దాటి వెళ్ళే హబ్సిగూడ ఎన్.జి.ఆర్.ఐ. (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వారే ఏళ్ళ తరబడి దానిని పరిశీలిస్తున్నారు. కారణం నీటి బరువొక్కటే కాదు. ఒకదానినొకటి అదుముకుని నిలిచిన బండల మధ్యకు నీరు ఒత్తిడితో దిగితే ఆ బిగువు సడలుతుంది, యుగాలుగా పేరుకున్న శక్తికి జారే దారి దొరుకుతుంది. అమెరికాలోని డెన్వర్ దగ్గర 1962 నుంచి లోతైన బావిలోకి వ్యర్థజలాలను పంపారు, భూమి కదులుతోందని 1966లో ఆపేశారు. అయినా అక్కడ అన్నింటికన్నా పెద్ద భూకంపం ఆపిన మరుసటి ఏడాది వచ్చింది. తడి గోడలో చెమ్మ పాకినట్లు లోపలి ఒత్తిడి మెల్లగా పాకుతూనే ఉంది. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017లో వచ్చిన భూకంపానికి భూతాప విద్యుత్తు కోసం బావుల్లోకి పంపిన నీరే కారణమని ప్రభుత్వం నియమించిన నిపుణులే 2019లో తేల్చారు. అబద్ధపు సందేశాల హోరులో ఇంత పెద్ద నిజం మునిగిపోతోంది. దానిని ముంచడంలో నా తీర్పుకూ వంతు ఉందని తెలిసి చాలా బాధపడ్డాను.

అయితే మా కిటికీలను అదిరిస్తున్నదేమిటి? మాస్టారూ నేనూ ఒక నోటుపుస్తకం తెరిచాం. రాగిచెంబు నిండా నీళ్ళు పోసి, పక్కన రూపాయి బిళ్ళను అంచు మీద నిలబెట్టాం. (రెండో సంవత్సరంలో నువ్వు హాస్టలు కిటికీ గూట్లో పెట్టిన గోళీకాయ గుర్తుకొచ్చిందా? ఇంతకన్నా రాయను.) పన్నెండు రోజుల్లో పద్నాలుగు అదురులు నమోదయ్యాయి. వాటిలో పన్నెండు మధ్యాహ్నం ఒంటిగంటకూ ఒంటిగంటన్నరకూ మధ్యవి, రెండు సాయంత్రం అయిదు దాటాక వచ్చినవి. రాత్రి ఒక్కటీ లేదు. రెండు ఆదివారాల్లోనూ ఏమీ లేదు. "భూమికి ఆదివారమని తెలియదు" అన్నారు మాస్టారు. పైగా అసలైన అనంతర ప్రకంపనలు రోజులు గడిచేకొద్దీ పలచబడతాయని జపాను శాస్త్రవేత్త ఒమోరి 1894లోనే చూపించాడు, ఇవి మాత్రం చివరి రోజున కూడా మొదటి రోజంత గట్టిగానే వచ్చాయి. అనంతర ప్రకంపనల్లో పెద్దది సాధారణంగా అసలు భూకంపం కన్నా 1.2 వరకు తక్కువ తీవ్రతతో ఉంటుంది. ఆ లెక్కన 2.5 తీవ్రతతో మన్యంలో కదిలినది ఇంత దూరాన మా అద్దాలను అదిరించడం సాధ్యం కాదు.

17వ తేదీ సోమవారం ఒంటిగంటకు అందరినీ మేడ మీదికి పిలిచాం. ముందు కొండ అవతలి నుంచి సన్నగా సైరను వినబడింది, తరువాత దుమ్ము లేచింది, ఆ తరువాత అడుగుల కింద మేడ అదిరింది. రాతి క్వారీలో పేలుళ్ళు! అవి మునుపూ ఉన్నవే, నవంబరు 4 తరువాతనే మన చెవులు వాటికోసం కాచుకుని కూర్చున్నాయి. అంటే మనిషి చేసినవే, కానీ భూకంపాలు కావు. రమణి గారు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మరి ఆ తెల్లవారుజాముది ఎవరు చేశారండీ?" అని అడిగారు.

1917లోనే విజయనగరం ప్రాంతంలో 5.5 తీవ్రతతో భూకంపం వచ్చిందని, అప్పటికి మాచ్‌ఖండ్ ఆనకట్ట లేదని, మన ఖోండలైటు రాతి కొండల కింద (నువ్వు మెస్సు ఇడ్లీకి పెట్టిన పేరు కాదు, నిజమైనదే) పాత పగుళ్ళు తమంతట తామే కదలగలవని చెప్పాను. తుపాను వానలకు జలాశయాలు నిండటం వల్ల కాదా అని ఆమె మళ్ళీ అడిగారు. ఆ ప్రశ్న నాకెంతో నచ్చింది. ఒక్క కదలికను పట్టుకుని దానికి జవాబు చెప్పలేము, కొయినాలో లాగా ఏళ్ళ తరబడి నీటిమట్టాన్నీ కదలికలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మాస్టారు ఇప్పుడు ఆ పనికే సిద్ధమవుతున్నారు. ఇకపై పేలుడు వేళలు ముందుగా తెలియజేయాలని క్వారీ వారికి అందరం సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. రమణి గారు పిల్లలతో ఇంట్లోనే పడుకుంటున్నారు, కానీ తాళంచెవి దిండు కిందే పెట్టుకుంటున్నారట.

నువ్వు చేయవలసిన పని ఒకటుంది. సీలేరు, మాచ్‌ఖండ్ జలాశయాల పాత నీటిమట్టాల పట్టికలు అక్కడ ఏ లైబ్రరీలోనైనా దొరుకుతాయేమో చూడు. ఏ సంవత్సరం నుంచి కావాలో మాస్టారు ఒక కాగితం రాసిచ్చారు, దానిని దీనితోపాటు... తపాలా డబ్బా తెరిచే వేళయింది, పిల్లవాడు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ కాగితం రేపు పంపుతాను.

నీ
సూర్యం