గడువు తీరిన మందుగుండు ఎవరి బాధ్యత?

సంపాదక మహాశయా,

2018 నవంబరులో మహారాష్ట్రలోని పుల్‌గావ్ దగ్గర, ధ్వంసం చేయడానికి తెచ్చిన పాత సైనిక మందుగుండును దించుతుండగా పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. వారిలో రోజుకూలీలూ ఉన్నారు. ఇలాంటి మందుగుండు గిడ్డంగిలో ఉన్నంతకాలం ఆయుధమే. పారేయడానికి బయటికి తీశాక అది ఏ చట్టం కిందికి వస్తుంది?

అమెరికాలో దీనికి 1997లోనే నిబంధన చేశారు. వాడని మందుగుండును పారేయడానికి నిల్వ నుంచి తీసినా, మరమ్మతుకు లొంగనంతగా పాడైనా, సైనికాధికారి వ్యర్థమని ప్రకటించినా అది వ్యర్థమే. ప్రమాదకర వ్యర్థాల చట్టం సైన్యానికీ వర్తిస్తుంది. అయితే నిబంధన ఉంటే చాలదు. లూసియానాలోని క్యాంప్ మిండెన్‌లో ఒక కాంట్రాక్టు సంస్థ సుమారు 68 లక్షల కిలోల ఎం6 ప్రొపెల్లెంట్‌ను (ఫిరంగి గుండును ముందుకు తోసే మందును) పోగేసింది. 2012లో అక్కడ పేలుడు జరిగాక డాయ్‌లిన్ ఊరిని ఖాళీ చేయించారు. తర్వాత ఆ ప్రొపెల్లెంట్‌ను ఆరుబయట తగలబెడతామంటే స్థానికులు ఒప్పుకోలేదు. చివరికి పొగను శుద్ధిచేసే మూసిన కొలిమిలో కాల్చారు. ఖర్చు ఎక్కువే, కానీ ఆ పొగ పీల్చేది ఊరివాళ్లు కదా!

మన దగ్గరా పాత మందుగుండు ధ్వంసంపై కాలుష్య నియంత్రణ మండలి పర్యవేక్షణ ఉండాలి. సైనిక రహస్యాలు బయటపెట్టమని అడగడం లేదు. చుట్టుపక్కల గ్రామాల నేల, బావినీళ్ల పరీక్షా ఫలితాలు ఏటా ప్రకటిస్తే చాలు. పేలే సరుకు మోసే పనికి శిక్షణలేని కూలీలను పెట్టడం మాత్రం వెంటనే ఆపాలి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం