వివరణ లేని పనుల జాబితా

సంపాదకుడు గారికి,

2023లో ఐటీ టవర్ ప్రారంభమైన మా నల్లగొండలోనూ చెప్పిన పనిని తామే చేసుకుపోయే కృత్రిమ మేధ ప్రోగ్రాములైన ఏజెంట్లతో కోడ్ రాయించేవారు కనిపిస్తున్నారు. ఎక్కడా రాసిపెట్టని మాట మరుసటి సెషన్‌లో ఏజెంటుకు సాధారణంగా గుర్తుండదు కనుక, మిగిలిన పనులను గిట్ రిపాజిటరీలోనే (కోడ్‌నూ దాని మార్పులనూ దాచే చోట) ఒక్కో మార్క్‌డౌన్ ఫైలుగా (సాదా అక్షరాల ఫైలుగా) భద్రపరిచే బ్యాక్‌లాగ్ టూల్స్, అంటే చేయాల్సిన పనుల జాబితా సాధనాలు, వచ్చాయి. మా చిన్న బృందం అటువంటిదొకటి వాడింది. పనిని ‘పూర్తయింది’ అని ఎప్పుడు గుర్తించాలో మేము రాసుకున్న వివరణ పత్రంలో లేకపోవడంతో, కోడ్ పరీక్షలు నడపకుండానే ఏజెంటు దానిని ముగించినట్లు నమోదు చేసింది. బత్తాయి తోటలో ఏ సాలో చూపకుండా కూలీకి పని అప్పగించినట్లయింది, తప్పు మాదే. పని పూర్తయిందనడానికి ప్రమాణాలేమిటో, ఏ పని తర్వాత ఏది చేయాలో, ఏ ఫైళ్లను ముట్టుకోకూడదో మనిషికీ ఏజెంటుకూ ఒకేలా అర్థమయ్యేటట్లు రాయడం అవసరం. జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాలలు ప్రాజెక్టు మార్కులలో ఈ రాతకూ కొంత వాటా కేటాయించాలని మనవి.

– ఒక పాఠకుడు, నల్లగొండ