గాయాల లెక్క కూడా ఏటా అడగాలి

సంపాదకులకు నమస్కారం.

2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా కార్మికులు ఫ్యాక్టరీ ప్రమాదాల్లో చనిపోయారు. ప్రాణాలు పోయినప్పుడు కమిటీ వేస్తారు, పరిహారం ప్రకటిస్తారు. కానీ మెషీన్లలో పడి తెగే వేళ్లు, యాసిడ్‌కి కాలే చేతులు, రసాయనాల ఆవిరికి పాడయ్యే ఊపిరితిత్తుల సంగతి ఏంటి? మన రెండు రాష్ట్రాల్లో ఏడాదికి ఇలాంటివి ఎన్ని జరుగుతున్నాయో నమ్మకంగా చెప్పగలిగే లెక్క లేదు.

చట్టం లేక కాదు. పనిలో గాయపడ్డ మనిషి 48 గంటలు, ఆపైన పని చేయలేకపోతే యజమాని ఫ్యాక్టరీల శాఖకు తెలపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కూడా ప్రమాదాల్ని తెలిపే బాధ్యతను యజమాని మీదే పెట్టింది. అయితే ఆ నోటీసు చేరేది కేసు పెట్టగల అధికారుల దగ్గరికే. ఇక ఎవరు నిజం రాస్తారు? నేను పనిచేసిన చోట చేతికి కట్టుతో ఉన్నవాణ్ని మర్నాడే జీపులో తెచ్చి, ఆఫీసులో కూర్చోబెట్టి హాజరు వేసేవారు. 48 గంటలు దాటలేదు కాబట్టి నోటీసు అక్కర్లేదు! కాంట్రాక్టు కార్మికుడైతే ఏదో కొంత చేతిలో పెట్టి ఊరికి పంపేసేవారు. గేటు దగ్గర ‘ప్రమాదం జరగని రోజులు’ అన్న బోర్డు మీద అంకె మాత్రం పెరుగుతూనే ఉండేది. అది చూసినప్పుడల్లా కడుపు రగిలిపోయేది.

అమెరికాలో కార్మిక గణాంకాల సంస్థ ఏటా 2 లక్షలకు పైగా సంస్థల్ని ఎంపిక చేసి, అక్కడి గాయాలు, జబ్బుల వివరాలు అడుగుతుంది. ఎంపికైన ప్రైవేటు సంస్థలు జవాబివ్వడం తప్పనిసరి. ఆ వివరాలు గణాంకాలకే వాడతారు, ఏ సంస్థ ఏం చెప్పిందో బయటపెట్టరు. 2023లో ఒక్క ప్రైవేటు రంగంలోనే 26 లక్షల కేసులు తేలాయి. అక్కడా దాచేవాళ్లు ఉన్నారు, లెక్క తక్కువగా వస్తోందన్న విమర్శా ఉంది. అయినా ఏ రంగంలో మనుషులు ఎక్కువగా దెబ్బతింటున్నారో అక్కడి ప్రభుత్వానికి ఏటా తెలుస్తోంది.

మనం కొత్తగా పెద్ద యంత్రాంగం పెట్టుకోనక్కర్లేదు. జాతీయ గణాంక కార్యాలయం ఏటా పరిశ్రమల వార్షిక సర్వే చేస్తుంది. ఎంతమంది పనిచేస్తున్నారు, అందులో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లెందరు, ఎన్ని పనిదినాలు, జీతాలు ఎంత అని ఫ్యాక్టరీలను అడుగుతుంది. గణాంక సేకరణ చట్టం, 2008 ప్రకారం ఆ జవాబులు గోప్యం. ఆ ఫారంలోనే ఒక పేజీ చేర్చాలి. ఎందరు గాయపడ్డారు, ఎన్ని రోజులు పని పోయింది, ఏ అవయవం దెబ్బతింది, గాయపడ్డవాళ్లలో కాంట్రాక్టు కార్మికులు ఎందరు అని అడిగితే చాలు. పనిదినాలు అదే ఫారంలో ఉంటాయి కాబట్టి మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీలో ముప్పు ఎక్కువో, జిన్నింగ్ మిల్లులోనో పోల్చి చెప్పొచ్చు. ఇచ్చిన అంకెల్ని ఈఎస్ఐ చెల్లించిన వైకల్య పరిహారాలతో సరిచూస్తే, ఏ రంగంలో ఎక్కువ దాస్తున్నారో కూడా బయటపడుతుంది.

జబ్బుల విషయం ఇంకా కష్టం. రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ లాంటివి బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి, మనిషి ఆ పనే మానేసి ఉంటాడు. యజమానిని అడిగితే ఏం తెలుస్తుంది? ఇక్కడ డాక్టర్లే దిక్కు. వృత్తి జబ్బుల్ని తెలపాల్సిన బాధ్యత చట్టం వాళ్ల మీద కూడా పెట్టింది. కానీ దగ్గుతో వచ్చిన కూలీని ‘ఇదివరకు ఎక్కడెక్కడ పనిచేశావు’ అని అడిగే డాక్టరు నాకు అరుదుగా కనిపించారు. ఓపీ చీటీలో పేరు, వయసు పక్కన చేసిన పని, పనిచేసిన ఏళ్లు కూడా రాయడం తప్పనిసరి చేయాలి.

మన ఎంపీలు ఈ పేజీ గురించి పార్లమెంటులో కేంద్ర గణాంక శాఖను, కార్మిక శాఖను అడగాలని కోరుతున్నాను. ఓపీ చీటీ మార్చడానికైతే రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు.

– విశ్రాంత సేఫ్టీ సూపర్‌వైజర్, పటాన్‌చెరు